ఆటిక్‌లో బ్లోన్-ఇన్ ఇన్సులేషన్: మనమే వేసుకోవచ్చా, మనిషిని పిలవాలా? (మిషిగన్, 1994 ఇల్లు)

నోవై_చందన

అందరికీ నమస్కారం. మాది నోవైలో రెండంతస్తుల ఇల్లు, 1994లో కట్టింది. చలికాలం వస్తే థర్మోస్టాట్ 70 ఫారెన్‌హీట్ దగ్గర పెట్టినా పైన పిల్లల గది మాత్రం వెచ్చబడదు. చిన్నది స్వెటర్ వేసుకునే పడుకుంటుంది. పోయిన ఫిబ్రవరిలో వెనకవైపు చూరుకి మంచుగడ్డలు కట్టి, కరిగిన నీళ్ళు కిటికీ పైన గోడ మీదికి చారగా దిగాయి. జనవరి గ్యాస్ బిల్లు సంగతి ఇక అడక్కండి.

ఆటిక్‌లో (పైకప్పుకీ సీలింగ్‌కీ మధ్య ఖాళీలో) పీచు ఊదించి వేడి పోకుండా ఆపుదామని పిలిస్తే ఇన్సులేషన్ కంపెనీ నుంచి ఒకాయన వచ్చారు. ఆటిక్‌లోకి ఎక్కే తలుపు (హ్యాచ్) తెరిచి, నిచ్చెన మీదే నిలబడి టార్చి వేసి చూసి, "ఆర్-60కి తెస్తాం, 4,200 డాలర్లు" అన్నారు. ఆర్ అంటే వేడిని ఆపే శక్తికి కొలతట, అంకె పెరిగినకొద్దీ మేలు. ఎయిర్ సీలింగ్ (గాలి పోయే సందులు మూయడం) కూడా అందులోనే ఉంటుందా అని అడిగితే, అది వేరే రేటు, కావాలంటే తర్వాత చూద్దాం అన్నారు. మా ఆయన వీడియోలు చూసేసి, హోమ్ డిపోలో పీచు ఊదే మెషిన్ అద్దెకిస్తారు, తమ్ముడు వస్తే శనివారం పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి ముగించేస్తాం అంటున్నారు. నాకేమో ఇద్దరి మాటా పూర్తిగా నమ్మబుద్ధి కావట్లేదు.

ఆటిక్ నేల సుమారు 1,200 చదరపు అడుగులు. ఇప్పుడు అందులో గులాబీరంగు ఫైబర్‌గ్లాస్ పీచు ఉంది. స్కేలు పెట్టి చూస్తే చాలాచోట్ల 5 అంగుళాలు, చూరు దగ్గర 3 కూడా లేదు. దీన్ని తీసేసి కొత్తది వేయాలా, దీని మీదే వేయొచ్చా? ఫైబర్‌గ్లాసా, సెల్యులోజా? పిల్లల బాత్రూమ్ ఫ్యాన్ గొట్టం ఆటిక్‌లోనే పీచు మీద పడి ఉంది, అది అలా ఉండొచ్చా? ఇంకో సంగతి, హ్యాచ్ పక్కన చెక్కలు పరిచి ఇండియా సూట్‌కేసులు, బొమ్మల కొలువు పెట్టెలు పెట్టుకున్నాం. వాటిని ఏం చేయాలి?

మే నెలలో మా అత్తయ్య, మావయ్య వస్తున్నారు. ఈలోపే అయిపోవాలి.

ఫ్రిస్కో_ఎండలు

చందన గారూ, నా ఓటు మనిషిని పిలవడానికే. మా టెక్సాస్‌లో జూన్ మధ్యాహ్నం ఆటిక్‌లో 130 డిగ్రీలు దాటుతుంది, అక్కడ పది నిమిషాలు ఉంటే చాలు కళ్ళు తిరుగుతాయి. ఏసీ డక్టులు కూడా అందులోనే ఉంటాయి కాబట్టి వాటి జాయింట్లు కూడా చూడాలి. ఆ చెమటలో, ఆ దురదలో వంగి పాకుతూ పనిచేయడం మనలాంటి కీబోర్డు వాళ్ళకి జరిగే పని కాదు.

4,200 మాత్రం ఎక్కువే అనిపిస్తోంది. ఇంకో రెండు కొటేషన్లు తీసుకోండి. ఎలాగూ 30 శాతం టాక్స్ క్రెడిట్ వస్తుంది కదా, అది తీసేస్తే భారం తగ్గుతుంది.

తెనాలి_మెకానికల్

ముందు ఫ్రిస్కో తమ్ముడికి ఒక మాట. ఆ 30 శాతం ఫెడరల్ క్రెడిట్ 2025 డిసెంబర్ 31తో అయిపోయింది. 2025లో వేసుకున్నవాళ్ళు ఆ ఏడాది రిటర్న్‌తో పాటు ఫారం 5695 పెట్టుకుంటే వస్తుంది. అదీ ఇన్సులేషన్‌కైతే సరుకు ఖరీదు మీదే, కూలి మీద కాదు. ఇప్పుడు వేసుకునేవాళ్ళు ఆ లెక్క మర్చిపోవాలి. మీ గ్యాస్ కంపెనీ రిబేటు ఏమైనా ఇస్తోందేమో, సొంతంగా చేసుకున్నా ఇస్తుందేమో వాళ్ళ సైట్‌లో చూడండి చందన గారూ.

నేనుండేది కాంటన్. కార్ల విడిభాగాల ప్లాంట్‌లో ఉద్యోగం, వేడి ఎటు పోతోందో లెక్కకట్టడమే నా రోజువారీ పని. మా ఇంట్లోనూ, మా బావమరిది ఇంట్లోనూ ఈ పని చేశాం. కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మీవారు చెప్పింది నిజమే, మెషిన్‌తో ఊదడం ఒక్క పూట పనే. కానీ దాన్నే మొత్తం పని అనుకుంటే మీ డబ్బులు సగం చూరులోంచే పోతాయి. మీకు కొటేషన్ ఇచ్చినాయన "వేరే రేటు, తర్వాత చూద్దాం" అన్నాడే, అసలు పని అదీ. పైగా అది తర్వాత చూసే పని కాదు. అడుగున్నర మందం పీచు పరిచాక దాని కింద కన్నం ఎక్కడుందో ఎవడు వెతుకుతాడు?

ముందు లెక్క చూడండి. డెట్రాయిట్ ప్రాంతానికి హీటింగ్ డిగ్రీ డేస్ (చలి ఎంత, ఎన్నాళ్ళు అనేదానికి కొలత) ఏడాదికి సుమారు 6,000. దాన్ని 24తో, మీ 1,200 చదరపు అడుగులతో గుణించి, ఆర్-విలువతో భాగిస్తే సీలింగ్ గుండా ఏడాదికి పోయే వేడి బీటీయూల్లో (వేడికి కొలత) వస్తుంది. మీ పాత పీచు అంగుళానికి 2.5 చొప్పున 5 అంగుళాలకి దాదాపు ఆర్-12. అంటే ఏడాదికి 1 కోటీ 44 లక్షల బీటీయూలు పైకి పోతున్నాయి. ఆర్-49కి తెస్తే అది 35 లక్షలకి తగ్గుతుంది. లక్ష బీటీయూలు ఒక థర్మ్, కాబట్టి తేడా సుమారు 109 థర్మ్‌లు. మీ ఫర్నేస్ 90 శాతం ఎఫిషియన్సీదైతే మీటరు మీద 120 థర్మ్‌లు తగ్గుతాయి. మన బిల్లుల్లో సీసీఎఫ్ (వంద ఘనపు అడుగుల గ్యాస్) అని ఉంటుంది, ఒక సీసీఎఫ్ దాదాపు ఒక థర్మే. థర్మ్ ఒక డాలరు అనుకుంటే ఏడాదికి 120 డాలర్లు. 4,200 పెడితే ఆ డబ్బు తిరిగి రావడానికి 35 ఏళ్ళు. అప్పటికి మీ చిన్నమ్మాయి తన ఇంటి ఆటిక్ గురించి అడుగుతూ ఉంటుంది.

ఇంకో తమాషా చూడండి. అదే లెక్క ఆర్-49 నుంచి ఆర్-60కి వేస్తే ఇంకో ఆరేడు థర్మ్‌లు మాత్రమే మిగులుతాయి, అంటే ఏడాదికి ఏడు డాలర్లు. మొదటి అంగుళాలు చేసే మేలు చివరి అంగుళాలు చేయవు. అసలు ఇన్సులేషనే లేని ఆటిక్‌కి మన వాతావరణంలో ఆర్-60, ఇప్పటికే మూడు నాలుగు అంగుళాలున్న ఆటిక్‌కి ఆర్-49 అని ప్రభుత్వపు ఎనర్జీ స్టార్ కార్యక్రమం సిఫార్సు కూడా. మీది రెండో రకం. ఆర్-49 చాలు.

పై లెక్కలో గాలి లేదని గమనించారా? చలికాలంలో ఇంట్లో వేడిగాలి పైకి లేచి, సీలింగ్‌లో ఎక్కడ సందు దొరికితే అక్కణ్ణుంచి ఆటిక్‌లోకి పోతుంది. అది పోయినకొద్దీ బేస్‌మెంట్ గోడల పైఅంచు దగ్గర్నుంచి చల్లగాలి లోపలికి లాక్కుంటుంది. వదులుగా ఉన్న ఫైబర్‌గ్లాస్ ఆ గాలిని ఆపదు, దోమతెరలోంచి పోయినట్టు పోతుంది. మీ పిల్లల గది వెచ్చబడకపోవడానికీ, చూరు మంచుగడ్డలకీ ఇదే పెద్ద కారణం అని నా అనుమానం. లోపలి వేడి రూఫ్ మీద మంచును కరిగిస్తుంది, ఆ నీళ్ళు కిందికి జారి చల్లగా ఉన్న చూరు దగ్గర మళ్ళీ గడ్డకడతాయి, వెనకొచ్చే నీళ్ళకి దారి లేక షింగిల్స్ (రూఫ్ మీది పలకలు) కిందికి ఎక్కుతాయి. మీ గోడ మీద చార అదే.

సందులు ఎక్కడున్నాయో పాత పీచే చెబుతుంది. మీవారిని పైకెక్కి పీచు ఎత్తి చూడమనండి. ఎక్కడ నల్లగా, మురికిగా కనిపిస్తుందో అక్కడ కింద గాలి కారుతోంది. ఏళ్ళ తరబడి పీచు ఆ గాలిలోని దుమ్మును వడగట్టి పట్టుకుంది. పాతది తీసెయ్యక్కర్లేదు. తడిసి, ఎలుకలు గూడు పెట్టి పాడైతే తప్ప దాని మీదే కొత్తది వేసుకోవచ్చు. పక్కకి జరిపి, సీలు చేసి, మళ్ళీ సర్దండి.

సాధారణంగా దొరికేవి చెబుతాను. లోపలి గోడల పైచెక్క, డ్రైవాల్ (గోడకి, సీలింగ్‌కి వేసే జిప్సం పలక) కలిసే అంచు. కరెంటు వైర్లు దిగే రంధ్రాలు. బాత్రూమ్ ప్లంబింగ్ వెంట్ గొట్టం చుట్టూ సందు. వీటన్నిటికీ ఫోమ్ క్యాన్, కాక్ (సందులు పూడ్చే పేస్టు) చాలు. కిచెన్ మీద ఇంకో అంతస్తు లేకపోతే, అన్నిటికంటే పెద్దది కిచెన్ క్యాబినెట్ల పైన డబ్బాలా దించిన సీలింగ్. ఆ కాలం ఇళ్ళలో అది పైన ఆటిక్‌కి బార్లా తెరిచి ఉండటం మామూలే. మనిషి దూరేంత కన్నం, మీద పీచు కప్పేసి ఉంటుంది. దాన్ని ఫోమ్ బోర్డు ముక్కతో మూసి చుట్టూ ఫోమ్ కొట్టాలి. మా బావమరిది ఇంట్లో ఆ ఒక్కటి మూశాక కిచెన్‌లో చలి తగ్గిన సంగతి మా చెల్లెలు మొదట కనిపెట్టింది, అప్పటికి మేమింకా పీచు ఊదనే లేదు.

ఒక్కచోట మాత్రం ఫోమ్ పనికిరాదు. వాటర్ హీటర్ పొగగొట్టం లోహపుది పైకి పోతుంటే దాని చుట్టూ కాలే వస్తువేదీ తగలకూడదు. బీ-వెంట్ (రెండు పొరల లోహపు) గొట్టానికైతే అంగుళం, ఇటుక చిమ్నీకైతే రెండంగుళాలు ఖాళీ వదలాలి. ఆ సందును రేకు కత్తిరించి మూసి, వేడిని తట్టుకునే ఫైర్ కాక్ పెట్టాలి. పీచు దాన్ని తాకకుండా చుట్టూ రేకుతో కట్ట కట్టాలి. ఇల్లు బిగించాక ఆ వాటర్ హీటర్ పొగ సరిగ్గా బయటికే పోతోందా అని టెక్నీషియన్‌తో ఒకసారి చూపించండి, ప్రతి అంతస్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి. ఈ వాక్యం మాత్రం దాటేయకండి.

బాత్రూమ్ ఫ్యాన్ గొట్టం ఆటిక్‌లో పడి ఉండకూడదు. స్నానాల ఆవిరంతా అక్కడే వదిలితే జనవరిలో రూఫ్ మేకుల కొసలకి మంచు పడుతుంది, మార్చిలో అది కారి, "రూఫ్ లీకవుతోంది" అని రూఫర్‌ని పిలుస్తారు. రూఫ్ మీదికో, పక్కగోడలోంచో సరైన క్యాప్‌తో బయటికి తీయండి, ఇన్సులేటెడ్ డక్టు వాడండి. పన్లో పనిగా కిచెన్ హుడ్ గొట్టం ఎక్కడికి పోతోందో కూడా చూడండి. మన ఇళ్ళలో రోజూ అన్నం ఉడికే ఆవిరి, తాలింపు పొగ, నూనె జిడ్డు. అదంతా ఆటిక్‌లో చేరితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

చూరు అడుగున సాఫిట్ వెంట్లు (గాలి రంధ్రాలు) ఉన్న ప్రతి గడిలో బాఫిల్ పెట్టి స్టేపుల్ చేయాలి. బాఫిల్ అంటే రూఫ్ చెక్కకి, పీచుకి మధ్య బయటిగాలి ఆడేందుకు దారి ఉంచే పలచటి ఫోమో, ప్లాస్టిక్కో. పనిలో ఒళ్ళు నలిగేది ఇక్కడే. రూఫ్ కిందికి వంగిన మూలలో బోర్లా పడుకుని, మేకులు తలకి గుచ్చుకోకుండా చేయాలి. పాత హెల్మెట్ ఏదైనా ఉంటే పెట్టుకోండి, సైకిల్ హెల్మెట్ అయినా సరే. అవి పెట్టకుండా ఊదితే పీచు సాఫిట్‌లోకి దిగి వెంట్లు మూసేస్తుంది.

ఇక ఫైబర్‌గ్లాసా, సెల్యులోజా. పాత న్యూస్‌పేపర్లు పొడిచేసి బోరేట్ కలిపేది సెల్యులోజ్. అంగుళానికి ఆర్-3.5 దాకా ఇస్తుంది, గాలిని కూడా కాస్త మెరుగ్గా ఆపుతుంది. నాకు అదే ఇష్టం. కానీ బరువు. మీ ట్రస్‌ల (రూఫ్‌ని మోసే చెక్క చట్రాల) మధ్య దూరం కొలవండి. 24 అంగుళాలై, సీలింగ్ మామూలు అరంగుళం డ్రైవాల్ అయితే చదరపు అడుగుకి 1.3 పౌండ్లకి మించి ఇన్సులేషన్ బరువు పెట్టొద్దంటారు, సీలింగ్ కిందికి వంగుతుందని. 16 అంగుళాల దూరమైతే 2.2 దాకా పర్వాలేదు. మీకు ఇంకా ఆర్-37 కావాలి. అది సెల్యులోజ్‌లో పది పదకొండు అంగుళాలు, ఘనపు అడుగు 1.6 పౌండ్లనుకుంటే చదరపు అడుగుకి 1.4 పౌండ్లు. గీత దాటింది. ఫైబర్‌గ్లాస్ అందులో సగం కూడా తూగదు. కాబట్టి 24 అయితే ఫైబర్‌గ్లాస్, మారు మాట లేదు.

సూట్‌కేసులు, బొమ్మలు కిందికి దించండి. ఆ చెక్కలుంటే వాటి కింద 5 అంగుళాల పీచే ఉండిపోతుంది. ట్రస్‌ల కిందిపట్టీలు సామాన్లు మోయడానికి డిజైన్ చేసి ఉండవు, చాలా ఇళ్ళలో. పైగా వేసవి వేడికి, జనవరి చలికి బొమ్మల రంగు పెచ్చులూడుతుంది. ఇంత పెద్ద బేస్‌మెంట్ పెట్టుకుని కొండపల్లి బొమ్మల్ని ఆటిక్‌లో వణికించడం ఎందుకండీ.

నా సలహా: ఇద్దరు మనుషులున్నారు కాబట్టి మీరే చేసుకోండి. కానీ ముందు రెండు మూడు వారాంతాల్లో సందులు మూసి, బాఫిళ్ళు పెట్టే పని పూర్తయ్యాకే మెషిన్ బుక్ చేయండి.

ఎడిసన్_అక్క

మెకానికల్ గారు అంతా చెప్పారు కానీ ఈ చర్చని పాత ఇళ్ళవాళ్ళు కూడా చదువుతారు కాబట్టి రెండు మాటలు. మాది న్యూజెర్సీలో 1938 ఇల్లు. పీచు ఎత్తి చూడమన్నారు కదా, ఎత్తే ముందు అది పీచేనా అని చూడండి. గోధుమ, వెండి కలిసిన రంగులో మెరిసే గులకల్లాంటి సరుకు పోసి ఉంటే అది వర్మిక్యులైట్. మోంటానాలోని లిబ్బీ గని నుంచి వచ్చినదాంట్లో ఊపిరితిత్తులకి ప్రమాదకరమైన ఆస్బెస్టాస్ కలిసి ఉండేది. ఆ గని 1990లో మూతపడింది, కానీ అంతకుముందు దేశంలో ఎన్నో ఇళ్ళకి ఆ సరుకు వెళ్ళింది. పరీక్షలూ గిరీక్షలూ లేకుండానే ఆస్బెస్టాస్ ఉన్నట్టే భావించి, కదపొద్దని ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతోంది. చేత్తో తాకొద్దు, ఊడవొద్దు, వాక్యూమ్ పెట్టొద్దు. హ్యాచ్ మూసేసి లైసెన్సున్నవాళ్ళని పిలవండి.

రెండోది, పింగాణీ గుబ్బల మీద విడివిడిగా పోయే పాత వైరింగు. దాని వేడి చుట్టూ ఉన్న గాలిలోకి పోవాలి. దాన్ని పీచులో పాతిపెట్టకూడదు. మేం ఎలక్ట్రీషియన్‌తో మార్పించాకే ఇన్సులేషన్ జోలికి వెళ్ళాం. ఆ ఖర్చు ఇన్సులేషన్ కంటే చాలా ఎక్కువైంది, అది వేరే కథ.

నోవై_చందన

మెకానికల్ గారూ, అక్కా, చాలా చాలా థాంక్స్. నిన్న మా ఆయన, మా మరిది ఎక్కి చూశారు. మెరిసే గులకలేమీ లేవు, వైర్లు కొత్తరకమే. ట్రస్‌ల మధ్య 24 అంగుళాలు, హ్యాచ్ అంచు దగ్గర కొలిస్తే డ్రైవాల్ అరంగుళమే. కిచెన్ పైన మీరు చెప్పినట్టే పీచు ఎత్తితే కింద క్యాబినెట్ల వెనక గోడ కనిపించిందట! అక్కడ పీచు బొగ్గురంగులో ఉంది. మా ఆయన ఫొటో తీసి చూపించి, ఇక వీడియోల గురించి మాట్లాడటం మానేశారు.

హాల్లో లోపలికి దించిన లైట్లు ఆరున్నాయి, వాటి డబ్బాలు పైన బయటపడి ఉన్నాయి. వాటి మీద పీచు వేయొచ్చా? ఇంకా, ఊదే రోజు ఎలా చేయాలో, ఎన్ని బస్తాలు కొనాలో కూడా చెబుతారా?

ఫ్రిస్కో_ఎండలు

టాక్స్ క్రెడిట్ పోయిందని నాకు తెలీదు సార్, సరిచేసినందుకు థాంక్స్. చందన గారూ, నా ఓటు వెనక్కి తీసుకుంటున్నాను. ఏప్రిల్‌లో మిషిగన్ ఆటిక్ అంటే అది మాకు ఏసీ గది. మేమేమో ఆర్-38 దాటించడానికి నవంబర్ దాకా ఆగాలి.

తెనాలి_మెకానికల్

లైట్ల డబ్బా లోపల లేబుల్ చూడండి. ఐసీ అని ఉంటే పీచు తగలొచ్చు. లేకపోతే చుట్టూ 3 అంగుళాలు ఖాళీ ఉండాలి, పైన కప్పకూడదు. అంటే ఆరు పెద్ద కన్నాలు అలాగే మిగిలిపోతాయి. నేనైతే ఆరూ పీకించి, గాలి చొరబడని ఐసీ రకం ఎల్‌ఈడీ లైట్లు పెట్టిస్తాను. పెద్ద ఖర్చు కాదు, కరెంటు బిల్లు కూడా తగ్గుతుంది.

బస్తాల లెక్క నన్ను అడగొద్దు, బస్తాని అడగండి. ప్రతి బస్తా మీద పట్టిక ఉండాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన. అందులో మీకు కావాల్సిన ఆర్-37కి దగ్గరగా ఉండే ఆర్-38 వరుసలో 1,000 చదరపు అడుగులకి కనీసం ఎన్ని బస్తాలు కావాలో ఉంటుంది, 1.2తో గుణించండి. పైన రెండు మూడు అదనంగా తెచ్చుకోండి, విప్పనివి తిరిగి తీసుకుంటారా అని కొనేటప్పుడే అడగండి. చూరు దగ్గర 3 అంగుళాలే ఉందన్నారు కదా, ఆ అదనం అక్కడ ఖర్చవుతుంది. సరుకు మొత్తం 1,000 నుంచి 1,300 డాలర్లలో వస్తుందని నా అంచనా. నిర్ణీత సంఖ్య దాటి బస్తాలు కొంటే మెషిన్ అద్దె ఉండదు, ఆ సంఖ్య మీ స్టోర్‌లో కనుక్కోండి. మెషిన్ బరువు, మినీవ్యాన్ అయితే సీట్లు మడిచి ఎక్కించొచ్చు.

ఫైబర్‌గ్లాస్‌లో ఒక మోసం ఉంది. గాలి ఎక్కువైతే అది ఉబ్బి, తక్కువ సరుకుతోనే లోతు వచ్చేసినట్టు కనిపిస్తుంది. స్కేలు మీద 15 అంగుళాలు చూపించినా బస్తాలు ఇంకా మిగిలిపోయాయంటే మీకు ఆర్-38 పడలేదన్నమాట. లోతు, బస్తాల సంఖ్య రెండూ కలవాలి. డబ్బులిచ్చి చేయించుకునేవాళ్ళు కూడా ఖాళీ బస్తాలు లెక్కపెట్టుకోవాలి, చాలామంది లెక్కపెట్టరు.

ముందురోజు రాత్రే మూడు పనులు చేసుకోండి. ఒకటి, ట్రస్‌లకి కాగితపు స్కేళ్ళు స్టేపుల్ చేయడం. 300 చదరపు అడుగులకి ఒకటైనా ఉండాలని కోడ్, అంకెలు హ్యాచ్ వైపు తిరిగి ఉండాలి. రెండు, హ్యాచ్ చుట్టూ ప్లైవుడ్‌తో 20 అంగుళాల కట్ట. లేకపోతే తలుపు తీసిన ప్రతిసారీ పీచు మీ నెత్తినే పడుతుంది. తలుపు వెనక ఫోమ్ బోర్డు అంటించి, అంచుకి వెదర్‌స్ట్రిప్ (గాలి దూరకుండా ఆపే పట్టీ) వేయండి. మూడు, అడుగు ఎక్కడ వేయాలో తెలిసేలా రెండు పొడుగాటి చెక్కలు. ట్రస్ మీద తప్ప డ్రైవాల్ మీద కాలు పెట్టారా, కింద పిల్లల గదిలో తేలతారు.

మెషిన్ గరాజ్‌లోనో, డ్రైవ్‌వేలోనో పెట్టండి. దానికి ఒక సర్క్యూట్ పూర్తిగా వదిలేయండి, అదే లైన్ మీద గరాజ్ ఫ్రిజ్ ఉంటే తీసేయండి. గొట్టాన్ని పై కిటికీలోంచి లోపలికి తీసి, హ్యాచ్ ఉన్న గది తలుపు ప్లాస్టిక్ షీటుతో మూయండి. గొట్టం ఎక్కువైందని కత్తిరించొద్దు. అంత దూరం గొట్టం లోపలి గాడుల్ని తాకుతూ వస్తేనే పీచు సరిగ్గా విడుతుంది. కింద ఉన్నవాళ్ళు బస్తాని సగానికి కోసి మెషిన్‌లో వేస్తూ ఉండాలి. పైనవాళ్ళు దూరపు మూల నుంచి మొదలుపెట్టి వెనక్కి జరుగుతూ హ్యాచ్ దగ్గర ముగించాలి. గొట్టం నేలకి సమాంతరంగా పట్టుకుంటే పీచు కొంచెం ఎగిరి తనంతట తను పడుతుంది. చూరు వైపు సూటిగా ఊదొద్దు, బాఫిళ్ళు ఎగిరిపోతాయి. ఇద్దరూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్‌లో లైన్ మీదే ఉండండి. మెషిన్ చప్పుడుకి "ఆపు" అని అరిచినా వినబడదు.

ఎన్95 మాస్కు, కళ్ళకి గాగుల్స్, పొడుగుచేతుల చొక్కా, గ్లౌజులు. మణికట్టు దగ్గర టేపు చుట్టండి. దిగాక మొదట చన్నీళ్ళతో స్నానం, తర్వాతే వేణ్ణీళ్ళు. వేణ్ణీళ్ళు ముందు పోసుకుంటే దురద ఎక్కువవుతుంది. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు, తర్వాత వాషర్‌ని ఖాళీగా ఒకసారి తిప్పండి. ఫ్రిస్కో తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం, మే చివరకి వాయిదా వేయొద్దు. ఏప్రిల్‌లో పొద్దున ఏడుకి మొదలుపెట్టండి.

అయిపోయాక ఒక బస్తా లేబుల్ కత్తిరించి, దాని మీద తేదీ, వేసిన బస్తాల సంఖ్య, లోతు రాసి హ్యాచ్ పక్కన ట్రస్‌కి స్టేపుల్ చేయండి. బిల్లు ఫొటో కూడా దాచుకోండి. రేపు ఇల్లు అమ్మేటప్పుడు ఇన్‌స్పెక్టర్‌కి చూపించడానికి ఆ కాగితం పనికొస్తుంది.